నాలుగు లెక్కల నిశ్శబ్దం

పొద్దున లేవగానే మా వీధికంతా అమ్మమ్మ అయిన లోలా పురిసిమా చేసే మొదటి పని పియానో పైమూత ఎత్తి లోపల బల్బు వెలుగుతోందో లేదో చూడటం. కాఫీ దాని తర్వాత, ప్రార్థన కాఫీ తర్వాత. అది పాతిక క్యాండిల్ బల్బు. ఏడాది పొడుగునా పియానో కడుపులో వెలుగుతూనే ఉంటుంది. మా హారో పేటలో పియానో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే పద్ధతి. లేకపోతే సముద్రపు తేమ చెక్కలోకి దిగి వాయించే మెట్లు ఉబ్బుతాయి, తీగలు తుప్పు పడతాయి. అంతటితో పోతే శ్రుతి చేసే డెల్ఫిన్ చూసుకునేవాడు. తేమ దిగిన పియానో తన మీద ఎన్నడో జరిగిన తప్పుల్ని బయటపెడుతుంది, అదీ అసలు గొడవ.

కరెంటు రెండు గంటలు పోయిందంటే మొదలవుతుంది. ఎవరూ ముట్టుకోకుండానే పియానోలోంచి ఒక అపస్వరం ఖంగుమంటుంది. లోలా నలభై ఏళ్ళుగా ఈ పియానో మీదే వీధి పిల్లలకి పాఠాలు చెప్పింది కనక సరుకుకి కొదవ లేదు.

"బేకరీ నెస్టర్‌ది," అనేది లోలా బట్టలు మడతపెడుతూ. "వాడికి ఎనిమిదేళ్ళప్పటిది. వాడి బొటనవేలు ఎప్పుడు మాట విన్నది గనక."

రొట్టెల సైకిలు మీద పోతున్న నెస్టర్‌కి ఇప్పుడు మనవలున్నారు. అతను కిటికీ దగ్గర ఆగి సిగ్గుపడేవాడు. "ఇంకా ఉందా లోలా అది?"

"నువ్వు పోయాక కూడా ఉంటుందిలేరా, బెంగపెట్టుకోకు."

ఆ ఇంట్లో ఎవరూ ఎవరిదని చెప్పని తప్పు ఒకటి ఉంది. దానికి చప్పుడు లేదు. వానాకాలమనీ ఎండాకాలమనీ తేడా కూడా లేదు. లోలా దగ్గరున్న పాత పుస్తకంలో ఒక ఫ్యూగ్ ఉంది. ఒక గొంతు ముందు పరిగెడుతుంటే వెనకనుంచి ఇంకో గొంతు, దాని వెనక మూడోది తరుముకొచ్చేలాంటి పాట. రెండో పేజీ మూడో వరసలో సరిగ్గా నాలుగు లెక్కలపాటు ఆ పియానో మూగబోతుంది. మెట్లు దిగుతాయి, లేస్తాయి, శబ్దం మాత్రం రాదు. ఐదో లెక్కకి మళ్ళీ మామూలే.

లోలా మనవరాలు రోవేనా మనీలాలోని సంగీత కళాశాల ప్రవేశ పరీక్షకి తయారవుతున్నది ఆ ఫ్యూగ్‌తోనే. వయసు పదిహేడు. ఫారం నింపింది, సిఫారసు ఉత్తరాలు తెచ్చుకుంది, వాయించబోయే ముక్కల పేర్లు రాసి నవంబరులోనే పంపేసింది. పరీక్ష జనవరి ఆఖరి శనివారం. వాళ్ళ నాన్న సరుకు ఓడలో ఇంజనీరు. ఆయన ఎక్కడో రేవునుంచి ఫోను చేసి చెప్పాడు. "నర్సింగులో సీటు పెట్టించి ఉంచాను. మనీలాలో రాకపోతే సోమవారం వెళ్ళి చేరిపో. మళ్ళీ వచ్చే ఏడాది చూద్దాం, ఆపై ఏడాది చూద్దాం అంటే కుదరదు." ఆయన మంచికే చెప్పాడు. కానీ రోవేనాకి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. క్యాలెండరులో ఆ సోమవారం వైపు చూసేది కాదు.

పరీక్షకి వారం ముందు డెల్ఫిన్ వచ్చాడు. ఆ వేళ రోవేనా అతని పక్కన చేరి రెండో పేజీ చూపించింది.

"మానోంగ్ డెల్ఫిన్, ఇక్కడ నాలుగు లెక్కలు మోగట్లేదు. తీగలు మార్చరాదూ?"

"తీగలకేం, గుండ్రాయిలా ఉన్నాయి," అన్నాడు డెల్ఫిన్ తలెత్తకుండానే. "అది మీ అమ్మది."

"అమ్మ చిన్నప్పుడు నేర్చుకుందని తెలుసుగానీ..."

"చిన్నప్పుడేంటి. నీ వయసులో నువ్వు వెళ్ళే చోటికే వెళ్ళింది, ఈ ముక్కే వాయించింది. ఇక్కడికొచ్చేసరికి మరిచిపోయి ఆగిపోయిందట. లేచి బయటికొచ్చి ఆ రోజు ఓడకే ఇంటికొచ్చేసింది. తర్వాత ఈ పియానో ముందు నెల రోజులు కూర్చుంది. ఎప్పుడు వాయించినా ఇక్కడే ఆగిపోయేది. పియానో పట్టేసుకుంది."

"ఆగిపోవడం కూడా తప్పేనా?"

"పియానోకి అంతకంటే పెద్ద తప్పు లేదమ్మా." అతను పనిముట్లు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

రోవేనా వంటింట్లోకి వెళ్ళేసరికి లోలా ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఈ ముక్క నాకెందుకిచ్చావు?"

లోలాకి ఏ ముక్క అని అడగాల్సిన అవసరం లేకపోయింది. "చెబితే భయపడతావని చెప్పలేదు."

"ఇప్పుడు భయపడుతున్నాను."

"నేనూ భయపడుతూనే ఉన్నాలే," అంది లోలా. "ఐదో లెక్కనుంచి ఆ పాట ఎంత బాగుంటుందో నీకు తెలుసు. మీ అమ్మ అక్కడిదాకా రాలేదు. ఇరవై రెండేళ్ళయింది. మన ఇంటి పిల్ల ఎవరైనా దాటితే చూడాలని, అంతే. నా స్వార్థమే అనుకో."

ఆ వారమంతా రోవేనా గుండెలో భయం కాపురం పెట్టింది. వేళ్ళు మంచుముక్కల్లా ఉండేవి. గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో ముంచి తీస్తే గాని కదిలేవి కావు. నూడిల్స్ సూపు చల్లారి మీద కొవ్వు పేరుకునేది, స్పూను తడి కూడా అయ్యేది కాదు. రోజుకి ముప్పైసార్లు ఆ ఫ్యూగ్ వాయించేది. మూగబోయిన చోట పైకే లెక్కపెట్టేది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదుకి శబ్దం తిరిగొచ్చేది. ఇంట్లో ఒక్కసారి కూడా తప్పలేదు. అదే ఆమెని ఇంకా భయపెట్టింది. మనీలా పియానోలో ఆ నాలుగు లెక్కలూ మోగుతాయి కదా. తనెప్పుడూ వాటిని వినలేదు. వినగానే బెదిరిపోయి చేతులు ఎత్తేస్తే?

వాళ్ళమ్మ ఎస్తెలిటా రేవులో ఓడ టికెట్ల కిటికీ దగ్గర పనిచేస్తుంది. రోజుకి రెండొందల మందిని మనీలా పంపిస్తుంది. ఆ పరీక్ష తర్వాత తను మాత్రం మళ్ళీ ఎక్కలేదు. పియానో ఉన్న గదిలోకి వచ్చినా గోడ పక్కనుంచి నడిచేది. గురువారం సాయంత్రం ఇంటికొచ్చి బల్ల మీద రెండు టికెట్లు పెట్టింది.

"లోలా ఆ మోకాళ్ళ నొప్పులతో ఎలా వస్తుంది?" అంది రోవేనా.

"లోలాకెవరు కొన్నారు? నాకే." ఎస్తెలిటా చెప్పులు విప్పుకుంటూ ఉండిపోయింది, విప్పడం అయిపోయినా సరే. "గది బయటిదాకా వస్తాను ఇందాయ్, నా తల్లీ. లోపలికి మాత్రం రమ్మనకు."

శనివారం పదింటికి ఇద్దరూ ఆ కళాశాల వసారాలో బెంచీ మీద కూర్చున్నారు. ఎస్తెలిటా తలుపుకి వీపు పెట్టి కూర్చుంది. ఇద్దరి చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని చెమట్లు కక్కుతున్నాయి, ఏ చెమట ఎవరిదో తెలియలేదు. వీళ్ళకంటే ముందు వెళ్ళిన అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ బయటికొచ్చి ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగిపోయింది.

"అమ్మా, నాకు వాంతి వచ్చేలా ఉంది."

"రానీ. నాకూ అప్పుడు అలాగే ఉంది." ఎస్తెలిటా నాలుక కరుచుకుంది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

లోపల ముగ్గురు పరీక్షకులున్నారు. మధ్యలో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ. పియానో నల్లగా, పొడుగ్గా, అంచుల్లో రంగు పోయి ఉంది. స్వరాల వరసలు అయ్యాయి. సొనాటా అయింది, మరీ తీసిపారేసేలా ఏం లేదు. ఫ్యూగ్ మొదలుపెట్టింది. మొదటి గొంతు బయల్దేరింది, రెండోది అందుకుంది. పేజీ మారింది. మూడో వరస వస్తోందనగా రోవేనా బుర్రలోంచి మొత్తం తుడిచిపెట్టుకుపోయింది.

ఒక్క స్వరం గుర్తులేదు. ఎడమచెయ్యి ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు. ఆగిపోవాలని కూడా తట్టలేదామెకి, అంత భయం. వేళ్ళు ఎక్కడో ఒకచోట పడాలి గనక పడ్డాయి. అన్నీ తప్పు మెట్లే, అది మాత్రం ఆమెకి తెలిసింది.

శబ్దం రాలేదు.

మెట్లు దిగుతున్నాయి, లేస్తున్నాయి. గదిలో పంకా చప్పుడు తప్ప ఏమీ లేదు. రోజుకి ముప్పైసార్లు చేసిన అలవాటు ఆమెకంటే ముందు లేచింది. ఒకటి. రెండు. ఇది అమ్మ ఆగిన చోటు. మూడు. ఇది అమ్మ కూర్చున్న పియానో. నాలుగు. ఐదుకి చేతులు ఇంట్లో ఎక్కడ పడేవో అక్కడే పడ్డాయి. మూడు గొంతులూ ఒకేసారి తిరిగొచ్చాయి. ఆమె చివరిదాకా వాయించింది.

పెద్దావిడ కలం కింద పెట్టింది. "నువ్వు ఆగలేదు," అంది. "ఈ ముక్క తెచ్చినవాళ్ళు నీకు ముందు నలుగురు. నలుగురూ అక్కడే ఆగి మా మొహాలు చూశారు."

"మా ఇంట్లో పియానో కూడా అక్కడ మోగదండీ."

"ఎవరిది?"

"మా అమ్మది."

ఆవిడ తలాడించి కాగితం మీద ఏదో రాసుకుంది. "సరే, వెళ్ళు. సాయంత్రం నాలుగింటికి పేర్లు అంటిస్తాం."

వసారాలో ఎస్తెలిటా లేచి నిలబడి ఉంది. మొహం పాలిపోయింది. "ఆగిపోయావు," అంది. "విన్నాను. అక్కడే."

"ఆగలేదమ్మా, లెక్కపెట్టాను. అది నువ్వు ఆగిన పియానోనే." రోవేనా గొంతు తగ్గించింది. "ఎవరికీ చెప్పకు. అక్కడ నేను మొత్తం మరిచిపోయాను. నాలుగు లెక్కలూ తప్పే వాయించాను. ఒక్కటి కూడా పైకి వినపడలేదు."

ఎస్తెలిటాకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక బెంచీ మీద కూలబడి, చేతిసంచీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇరవై రెండేళ్ళనుంచి ఆ నాలుగు లెక్కల్ని తలుచుకుని సిగ్గుతో చచ్చిపోతూ వచ్చింది. అవి ఇక్కడే కూర్చుని తన కూతురి తప్పుల్ని దాచాయి.

నాలుగింటికి అంటించిన కాగితంలో పదకొండు పేర్లున్నాయి. రోవేనాది ఏడోది. వాళ్ళు దాన్ని మూడుసార్లు చదివారు, లోలాకి ఫోను చేసి నాలుగోసారి చదివి వినిపించారు. ఓడకి ఇంకా టైముంది. జనం వెళ్ళిపోయిన వసారాలో ఎస్తెలిటా మళ్ళీ అదే బెంచీ మీద కూర్చుంది. ఈసారి తలుపు వైపు తిరిగి కూర్చుంది.

"మధ్యలో నవ్వావంటే ఊరుకోను," అంది.

సంచీ ఒళ్ళో పడుకోబెట్టి, దాని మీద వేళ్ళు ఆనించి ఫ్యూగ్ మొదలుపెట్టింది. నెమ్మదిగా, ఒక్కో గొంతునీ వెతుక్కుంటూ. రెండో పేజీ దాకా వచ్చింది. మూడో వరసలో ఆమె వేళ్ళు గాలిలో నిలిచిపోయాయి.

"ఒకటి," అంది రోవేనా. "రెండు. మూడు. నాలుగు."

ఐదుకి వాళ్ళమ్మ చేతులు దిగాయి.