కాచిన నీళ్ళు

అన్నం వార్చిన గంజిలో ఉప్పు వేసుకుని, గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగిపోయింది కృపారాణి. నిన్నటిదాకా అదే ఆమె పొద్దుటి బలం. ఆ ఇంట్లో పాలు మొగుడు మోషేకి, గుడ్డు మోషేకి, మార్కాపురం నుంచి ఆటోలో వచ్చే క్యాన్ నీళ్ళు మోషేకీ, అత్త పిచ్చమ్మకీ. వంటకూ, ఆమెకూ, పిల్లకూ బోరు నీళ్ళు.

నిన్న కొనకనమిట్ల ఆసుపత్రిలో నర్సమ్మ ఆమె మూడో నెల కడుపు చూసింది. పక్కన నిలబడ్డ ఏడేళ్ళ భారతి పళ్ళ మీది పసుపు గీతలూ చూసింది. "ఏం నీళ్ళు తాగుతున్నారమ్మా, బోరువా? వాటిలో ఫ్లోరైడ్ కాచితే పోదు, ఇంకా చిక్కబడతాది. పాలూ గుడ్డూ ఎరగని ఒంటిని తొందరగా పట్టుకుంటాది. కడుపులో బిడ్డకీ పోతాది."

ఇన్నేళ్ళూ ఆ పళ్ళకి "తల్లి సరిగ్గా తోమితే గదా" అన్న మాట పడింది కృపారాణి. వేపపుల్లతో, బొగ్గుతో, చిగుళ్ళు రక్తం కారేదాకా తోమింది, పిల్ల ఏడుస్తున్నా వదలకుండా. ఫోటోలో నోరు మూసుకొమ్మని తనే చెప్పింది. ఆ చేతుల్ని ఇప్పుడెక్కడ దాచుకోవాలి?

ఇంటికొచ్చి చెప్పగానే, "మేమంతా ఈ నీళ్ళు తాగే కన్నాం గదమ్మే. మాకేమైంది?" అంది అత్త, వంగని మోకాలిని రెండు చేతులతో పట్టి మంచం మీదికి ఎత్తుకుంటూ. మోషే నవ్వాడు. "కాచుకుని తాగు. కాచితే అన్నీ చస్తాయి. నువ్వు గూడా క్యాన్ మీద పడితే ఆటో చెంచయ్య నడుము ఇరిగిపోతాది."

కృపారాణి ఇప్పుడు చేతిలో ఉన్న గంజి పెరట్లో పారబోసింది. బోరు నీళ్ళు సగం ఇగిరేదాకా కాచి, చల్లార్చి, మోషే కంచం పక్కన పెట్టింది. క్యాన్ కుళాయి తిప్పి భారతికొక గ్లాసు, తనకొక గ్లాసు పట్టింది.

"ఏందిది?" అన్నాడు మోషే.

"కాచిన నీళ్ళు. తాగు."

"ఎగతాళా? క్యాన్ నీళ్ళు పొయ్."

"కాచితే అన్నీ చస్తాయంటివి గదా."

కోపంగా పెద్ద ముద్ద పెట్టుకున్నాడు. అది గొంతుకి అడ్డం పడింది. దగ్గాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి మాత్రం గ్లాసు వైపు పోలేదు.

పాపం, తెలియక అన్నాడులే అని నిన్నటి నుంచి తనకు తాను సర్దిచెప్పుకుంటోంది ఆమె. ఆ చెయ్యి నిజం చెప్పేసింది.

కృపారాణి లేచి, మధ్యాహ్నం అన్నానికి ఎసరు గిన్నె తెచ్చింది. క్యాన్ కింద పెట్టి కుళాయి తిప్పింది.