గోడ జోలికి పోని బిందెడు నీళ్ళు

పొద్దున తొమ్మిదింటికి అమ్మాయి మేస్త్రీకి ఫోన్ చేస్తుంది. పదకొండు నెలలుగా పళ్ళు తోముకున్నంత క్రమంగా జరుగుతున్న పని అది. నాలుగు రింగులయ్యాక ఆయన ఎత్తుతాడు. "బిల్లేగా తల్లీ? రేపు పంపించేస్తా," అంటాడు. ఈమె సరేనని పెట్టేస్తుంది. మంచం మీద నుంచి నాన్నమ్మ, "ఏమన్నాడే?" అంటుంది.

"రేపట."

"ఆ రేపు నాకంటే ముసలిదైపోయిందే!"

శుక్రవారం మాత్రం ఆయన ఫోన్ ఎత్తలేదు. అమ్మాయి ఏడుసార్లు చేసింది. గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే కాలు బిందెడులో పడింది. చల్లగా తగిలింది. "సారీ," అని పక్కకి జరిగింది.

స్నానాల గది గోడలో పైపు పగిలి ఇల్లంతా చీలమండల లోతు నీళ్ళు నిలిచిన రోజు, అమ్మా, నాన్నమ్మా, తనూ ముగ్గురూ కలిసి సాయంత్రం దాకా తోడిపోశారు. అన్నీ పోయాయి, ఒక్క బిందెడు నీళ్ళు తప్ప. చీపురుతో గుమ్మం దాటిస్తే తిరిగొచ్చాయి. గుడ్డతో పిండి బయట పారబోస్తే, అన్నాల వేళకి మళ్ళీ బల్ల కింద ఉన్నాయి. ఇక వదిలేసి బిందెడు అని పిలవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం కిటికీ దగ్గర ఎండలో పడుకుని కాస్త చిక్కిపోతుంది. సాయంత్రం కుళాయి చుట్టూ తచ్చాడి మళ్ళీ ఒళ్ళు చేస్తుంది. అది జరిగిన చోట నేల పొడిగానే ఉంటుంది. ఎవరైనా వస్తే అమ్మ, "కాళ్ళు కాస్త పైకి పెట్టుకోండి, బిందెడు వెళ్తోంది," అంటుంది. వాళ్ళు పెట్టుకుంటారు. గోడల జోలికి మాత్రం అది ఎప్పుడూ పోదు. జానెడు దూరంలో ఆగి, చుట్టు తిరిగి వెళ్తుంది. "చేసిన పనికి సిగ్గు దానికి, పాపం," అంటుంది నాన్నమ్మ.

ముందుగదిలో అమ్మ కుట్టుమిషన్లు రెండు ఉండేవి. మూడు గదుల గోడలూ ఉబ్బి రాలిపోతే, నేల లేచిపోతే, బాగు చేయించడానికి ఆ రెండూ తాకట్టుకెళ్ళాయి. బీమా డబ్బులు నెలలో వస్తాయి, విడిపించుకుందాం అనుకున్నారు. బీమావాళ్ళు బిల్లు అడిగారు. గోడల కొలతలు, సిమెంటు బస్తాలు, పైపు పొడవు, కూలీల రోజులు అన్నీ విడివిడిగా రాసి మేస్త్రీ సంతకం పెట్టిన బిల్లు. అది రాలేదు. ఇరవై ఏళ్ళు తన ఇంట్లో తన మిషన్ మీద కుట్టిన అమ్మ, ఇప్పుడు రెండు వీధుల అవతల ఇంకొకళ్ళ కొట్లో కాజాలు కుడుతోంది. ఈ నెల దాటితే మిషన్లు అమ్మేస్తానని తాకట్టు కొట్టాయన కబురు పెట్టాడు. ముందుగదిలో కొత్త నేల అద్దంలా ఉంది. దాని మీద మిషన్ కాలి గీత ఒక్కటి లేదు.

పదింటికి బీమా ఆఫీసావిడే ఫోన్ చేసింది. "ఇవాళ ఐదింటికి మీ ఫైలు మూసుకుపోతుందమ్మా. మళ్ళీ తెరవడం కుదరదు."

"పని అయినట్టు ఫొటోలు పంపాం కదా మేడమ్?"

"ఫొటోలో ఎన్ని బస్తాలు పట్టాయో కనపడదు కదమ్మా. నేనేం చేయను చెప్పు."

అమ్మాయి చెప్పులేసుకుంది. చదువు అయిపోయి ఏడాదైంది. ఉద్యోగం లేదు. ఇంట్లో తనకి అప్పజెప్పిన పని ఈ ఒక్క బిల్లే. అదీ చేతకాకపోతే సాయంత్రం అమ్మకి ఏ మొహం చూపించాలి? రెండు బస్సులు మారి, అడిగి అడిగి, మేస్త్రీ కొత్తగా కడుతున్న ఇంటి దగ్గరికి చేరేసరికి పన్నెండున్నర.

ఇసక మోస్తున్న ఒకావిడ ఆమెని ఎగాదిగా చూసి, ఎందుకొచ్చిందో అడిగి, పైకి కేకేసింది. "మేస్త్రీ గారూ! మీ రేపు నడుచుకుంటూ ఇక్కడికే వచ్చేసిందండోయ్!"

కింద ఉన్నవాళ్ళంతా నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు. నిచ్చెన దిగొచ్చాడు. చెవి మీద పెన్సిలు, కనుబొమల మీద సిమెంటు దుమ్ము.

"ఇంత దూరం ఎందుకొచ్చావు తల్లీ? రేపు..."

"ఇంక రేపు లేదు. ఐదింటికి ఫైలు మూసేస్తున్నారు. మీకు ముందే ముట్టిందిగా, మాకేమైతే మీకేంటి? లేకపోతే లెక్క పెంచి రాద్దామని చూస్తున్నారా?"

"నోరు జారకు."

"అయితే ఇవ్వండి. ఇచ్చేదాకా ఇక్కడే కూర్చుంటా." పక్కనున్న సిమెంటు బస్తా మీద కూలబడింది.

"అది చిరిగిన బస్తా. బట్టలు పాడవుతాయి."

"పాడవనీయండి!"

ఆయనకి కన్నీళ్ళు కనపడకూడదని తల తిప్పి గోడ వైపు చూసింది. గోడంతా పెన్సిలు గీతలు. అంకెలు, బాణాలు, బస్తాకొక నిలువు గీత, ఐదు గీతలకొక కొట్టివేత. ఒక మూల, 'ఇద్దరు కూలీలు, పూట'. ఆ పక్క గోడ మీదా అంతే.

"మీరు లెక్కలు గోడ మీద రాస్తారా?"

"కాగితమైతే ఎక్కడో పడిపోతుంది. గోడ ఎక్కడికి పోతుంది?" అన్నాడు, కొంచెం గర్వంగానే. "సున్నం వేసే ముందు రోజు అంతా కాగితంలోకి ఎత్తుకుంటాను."

అమ్మాయి మెల్లగా లేచింది. "మా ఇంటిది ఎక్కడ రాశారు?"

మేస్త్రీ చెవి మీద పెన్సిలు తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు.

"మీ నాన్నమ్మ మంచం తలవైపు గోడ మీద. సున్నమేసేవాడు ఒకరోజు ముందే వచ్చేశాడు. నేను ఇంకో పని మీద ఉన్నా. వచ్చి చూస్తే తెల్లగా ఉంది."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా!"

"ముప్పై ఏళ్ళ మేస్త్రీనమ్మా. లెక్క పోగొట్టుకున్నానని ఎలా చెప్పను? గుర్తు తెచ్చుకుని రాద్దామనుకున్నా. రోజూ సగం గుర్తొస్తుంది."

"అంచనాగా రాసేయండి. సంతకం పెట్టండి. చాలు."

"ఒకసారి ఒకళ్ళకి అలాగే రాశాను. గోడ పగలగొట్టి పైపు కొలిచారు. నాలుగడుగులు తేడా. దొంగ బిల్లన్నారు. ఆ ఇంటివాళ్ళకి ఏమీ రాలేదు. ఇప్పటికీ నేను ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్క నుంచి వెళ్తారు." ఆయన చేతులు దులుపుకున్నాడు. "పద, మీ ఇంటికే పోదాం."

ఆయన అక్కడి పని అప్పజెప్పి, మళ్ళీ రెండు బస్సులు మారి ఇల్లు చేరేసరికి మూడున్నర. మంచం మీద నాన్నమ్మ కాళ్ళు కిందికి వేలాడేసి బిందెడులో పెట్టుకుని కూర్చుంది. మేస్త్రీ దాన్ని చూసి మొహం చిట్లించాడు.

"ఇది ఇంకా ఇక్కడే ఉందా? చూసినవాళ్ళు నా పనిలో ఏదో లోపం ఉందనుకుంటారు."

"లోపం బిల్లులో ఉంది నాయనా," అంది నాన్నమ్మ. "మంచం జరపాలా?"

జరిపారు. సాండ్‌పేపరుతో ఒక మూల మెల్లగా రుద్దాడు. సున్నం పొడిగా రాలింది. కింద తొమ్మిది అంకె సగం కనిపించింది, ఇంకో రుద్దుకి అదీ రాలిపోయింది. చేయి ఆపేశాడు.

"తడిగుడ్డ?" అంది అమ్మాయి.

"కారుతుంది. సున్నంతో పాటు పెన్సిలూ చెరిగిపోతుంది."

నాలుగైంది. బీమా ఆఫీసావిడ ఫోన్. "ఏమ్మా, పంపారా?" "పంపుతున్నాం మేడమ్." అబద్ధం చెప్పేసరికి చెవులు వేడెక్కాయి. నాలుగూ పది. కొట్లో నుంచి అమ్మ ఫోన్ చేసింది. వెనక ఎవరిదో మిషన్ గరగరమంటోంది. "ఏమైందే?" "ఇంకా కాలేదమ్మా." "పోన్లే. నువ్వు అన్నం తిన్నావా?" అంది అమ్మ. ఆ అడగడం తట్టుకోలేక అమ్మాయి ఫోన్ పెట్టేసి నేల మీద కూర్చుంది.

నాన్నమ్మ ఇద్దర్నీ చూసింది. తర్వాత కిందికి చూసి, ఇంట్లో చిన్నపిల్లతో అన్నట్టు, "ఇంకా ఎన్నాళ్ళే సిగ్గు?" అంది. కాళ్ళు పైకి తీసుకుంది.

బిందెడు కాసేపు కదల్లేదు. తర్వాత గోడ వైపు జరిగింది. జానెడు దూరంలో అలవాటుగా ఆగింది. అక్కడ నుంచి సన్నగా సాగి, గోడ అంచుని తాకి, పైకి ఎక్కడం మొదలుపెట్టింది. ఒక్క చుక్క కారలేదు. బట్టకి ఇస్త్రీ పట్టినట్టు సాఫీగా గోడంతా పరుచుకుంది. తడిసిన సున్నం పలచబడింది. లోపల నుంచి అంకెలు ఒక్కొక్కటే పైకి తేలాయి.

"అదిగో నా ఏడు!" అన్నాడు మేస్త్రీ. "ఏడుకి అడ్డగీత పెడతాను నేను!"

"ముందు చదవండి!" అమ్మాయి అప్పటికే ఫోన్‌లో టైపు చేస్తోంది.

"స్నానాల గది గోడ, పన్నెండు అడుగులు, తొమ్మిదిన్నర. పైపు ఇరవై మూడు అడుగులు. చూశావా, నేను పంతొమ్మిది అనుకుంటున్నా! బస్తాలు... ఐదు, పది, పదిహేను, మీద రెండు."

పైన అంచు నుంచి గోడ ఆరిపోతూ వచ్చింది. ఆరిన చోట తెల్లబడి అంకె మునిగిపోతోంది. నీళ్ళు తిరిగి కిందికి రావడం లేదు. గోడే తాగేస్తోంది. మేస్త్రీ ముందు నిలబడి, తర్వాత వంగి, చివరికి మోకాళ్ళ మీద కూర్చుని చదివాడు. నేలకి బెత్తెడు పైన ఆఖరి వరస, "కూలీలు, ముప్పై నాలుగు పూటలు." ఆమె చివరి అంకె కొట్టేసరికి అక్కడా తెల్లబడింది.

కాగితం మీదికి ఎక్కించి, సంతకం పెట్టించి, ఫొటో తీసి పంపేసరికి ఐదుకి ఆరు నిమిషాలు. ముగ్గురూ ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నారు. ఐదుకి రెండు నిమిషాలప్పుడు మోగింది.

"వచ్చిందమ్మా," అంది ఆఫీసావిడ. "ఇంత వివరంగా బిల్లు నేనెప్పుడూ చూళ్ళేదు. ఎవరు రాశారు?"

"నేనే మేడమ్."

నాన్నమ్మ కాళ్ళు కిందికి దించింది. నేల పొడిగా తగిలింది. కాసేపు అలాగే ఉంచి, "మంచం మళ్ళీ గోడ దగ్గరికి జరపండి," అంది.

పన్నెండు రోజులకి మిషన్లు ఇంటికొచ్చాయి. ఆటోలోంచి దింపుతుంటే కొత్త నేల మీద ఒక గీత పడింది. అమ్మ దాన్ని బొటనవేలితో తడిమి, దారం ఎక్కించుకుంది.

ఇప్పుడు తొమ్మిదింటికి ఫోన్ చేసేది మేస్త్రీ. "తల్లీ, రేపు ఇక్కడ సున్నమేస్తున్నారు. ఇవాళే వచ్చి గోడ ఎత్తుకుపో." అమ్మాయి నోటుపుస్తకం, టేపు సంచీలో వేసుకుని బయల్దేరుతుంది. ఆయన కడుతున్నవే ఆరు ఇళ్ళు. ఆయన చెప్పగా విని ఇంకో ఇద్దరు మేస్త్రీలు కూడా పిలుస్తున్నారు. నెల తిరిగేసరికి జీతం లాంటిదే చేతికొస్తోంది.

వెళ్ళే ముందు ఒకసారి మంచం తలవైపు గోడ మీద అరచెయ్యి పెట్టి చూస్తుంది. ఎంత ఎండలోనైనా అక్కడ చల్లగానే ఉంటుంది. ముందుగదిలో కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చుని, ఎవరూ చెప్పకుండానే, అలవాటుగా కాళ్ళు పైకి పెట్టుకుంటారు. అమ్మ వాళ్ళని దించుకోమనదు.