వాలుగ బొమ్మ పక్క పేజీ

మంగళవారం మధ్యాహ్నం చీజు కూరిన బనిత్సా రొట్టె తింటూ ఫోను చూస్తున్న స్నెజానాకు ఆ పుస్తకం అమ్మకానికి కనిపించింది. డాన్యూబ్ నది చేపల మీద నూరేళ్ల నాటి పుస్తకం. ముప్ఫై ఒక్క ఏళ్లుగా లైబ్రరీలో తను తుడిచి పెట్టుకుంటున్నదే. తింటున్నది పక్కన పడేసి లోపలి గదికి పరుగెత్తింది.

పాత పుస్తకాలుండే ఆ గదిలో లెక్క చూస్తే పదకొండు మాయమయ్యాయి. తాళంచెవి ఆవిడ ఒక్కదాని దగ్గరే ఉంటుంది. కొత్త డైరెక్టరు ఒగ్నియన్ మెతక మనిషి. శుక్రవారంలోగా పోలీసులకు రాయక తప్పదనీ, తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా రాయాల్సొస్తుందనీ నీళ్లు నమిలాడు. ఆయనకు తెలియనిదొకటుంది. ఆ గదిలోకి పాఠకులెవరూ పోకూడదన్న నియమాన్ని స్నెజానా ఏనాడో గాలికొదిలేసింది. చర్చి ఫాదరు, ఓ రంగస్థల నటి, చిన్నప్పుడు తనకు జాగ్రఫీ చెప్పిన ల్యూబెన్ మాస్టారు, ఈ ముగ్గురికీ అక్కడ కుర్చీ వేసి కాఫీ కూడా ఇచ్చేది. ఆ సంగతి చెబితే దొంగ అన్న మాట పోతుంది, దాంతోపాటు ఉద్యోగమూ పోతుంది.

ముందు పుస్తకం మనదని తేలాలన్నాడు డైరెక్టరు. అక్కడి లైబ్రరీలు మొదటి పేజీలో ఒక ముద్ర, పదిహేడో పేజీలో ఇంకో ముద్ర వేస్తాయి. అమ్మేవాడు పెట్టిన ఫొటోల్లో ఆ రెండు పేజీలూ కడిగిన పళ్లెంలా ఉన్నాయి. కాగితం చెదరకుండా సిరా లాగేశాడు మహానుభావుడు. ఆ చేతికి దండం పెట్టాలనిపించింది స్నెజానాకు, ఆ వెంటనే దాన్ని విరిచెయ్యాలనీ అనిపించింది.

అప్పుడావిడ వర్నా నగరంలో ఉండే చేపల పిచ్చాయనగా అవతారమెత్తి అమ్మేవాడికి మెసేజీలు పెట్టింది. బేరమాడింది, అలిగింది, మళ్లీ దిగొచ్చింది. చివరికి వాలుగ బొమ్మనూ దాని పక్క పేజీనీ కలిపి ఒక ఫొటో పంపమంది. బుధవారం ఫొటో వచ్చింది. వాలుగ ఎదురుగా గండుచేప గురించి రాసి ఉంది.

అది ఆవిడ చేసిన తప్పే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నీళ్ల గొట్టం పగిలి పుస్తకం తడిసింది. ఊడిన బొమ్మల్ని ఆరబెట్టి అంటించేటప్పుడు వాలుగను తప్పు చోట పెట్టేసింది. జిగురు ఆరాక చూసుకుని, ఇన్నేళ్లూ నోరు విప్పలేదు. ఇప్పుడు డైరెక్టరు దగ్గరికెళ్లి, ఈ తప్పు మన ప్రతిలో తప్ప ఇంకెక్కడా ఉండదని ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఎంతమంది చెప్పగలరు చెప్పండి?

పుస్తకం చేతికిస్తానని అమ్మేవాడు రమ్మన్నది తమ ఊరి రేవుకే. అంటే ఆ గదిలో తను కుర్చీ వేసిన ముగ్గురిలోనే ఒకరన్నమాట. శుక్రవారం ఉదయం రేవు దగ్గర కాఫీ కొట్లో కూర్చుంది. పక్క బల్ల దగ్గర మామూలు బట్టల్లో ఒక పోలీసు. పొట్లం పట్టుకుని ల్యూబెన్ మాస్టారు లోపలికొచ్చాడు. ఆవిణ్ని చూసి ఆగి, మెల్లగా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"వర్నా ఆసామివి నువ్వేనా, అమ్మాయ్?"

"నేనే, మాస్టారూ."

ఆయన గొంతు తగ్గించాడు. "అక్కడ దుమ్ము కొట్టుకుని పడుండేవి, ఎవరు చూశారు గనక? సరే, పట్టుకున్నావు. కానీ నన్ను లోపలికి పోనిచ్చిందెవరని అడగరా? నీ ఉద్యోగం ఉంటుందా? తీసుకెళ్లి బీరువా వెనకాల దొరికిందని చెప్పు. ఇద్దరం బయటపడతాం."

"ముగ్గుర్ని పోనిచ్చానని పొద్దున్నే డైరెక్టరుకు రాసి, సంతకం పెట్టి ఇచ్చొచ్చాను. ఫాదరు పేరు, ఆ నటి పేరు, మీ పేరు." స్నెజానా కళ్లు తుడుచుకుంది. "ముగ్గురిలో ఎవరొచ్చినా ఏడుపే. మీరు మాత్రం కాకూడదని దారి పొడవునా దేవుడికి మొక్కుకుంటూ వచ్చాను, మాస్టారూ."

మాస్టారు పొట్లాన్ని ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ దాన్ని ఒళ్లోకి తీసుకుని పక్క బల్ల వైపు తలూపింది.