చింపబుద్ధి కాని కవరు

ఇంటికొచ్చిన కవరును జనం విప్పుతారు, లేదంటే చెత్తబుట్టలో వేస్తారు. ఇన్నేళ్ళుగా కవర్లు డిజైన్ చేస్తున్న నాకు మూడో దారి కూడా ఉందని తెలియదు.

మా ఊరి ఆసుపత్రి వాళ్ళు నడివయసు ఆడవాళ్ళను రొమ్ము క్యాన్సర్ పరీక్షకు రమ్మని ఉత్తరాలు పంపుతారు. తెల్ల కవరు, మూలన ఆసుపత్రి ముద్ర. అది చూస్తేనే గుండె గుభేలుమంటుంది, ఇక విప్పేదెవరు? "విప్పాలనిపించే కవరు కావాలి" అంది అక్కడి మేనేజరమ్మ. నేను రెచ్చిపోయాను. మెత్తటి మందపాటి కాగితం తెప్పించి, ముద్ర తీసేసి, నా చేత్తో నీలం పువ్వొకటి గీశాను. దాని తీగ వెనక్కి తిరిగి, అంటించే మూత మీదుగా పాకుతుంది. ప్రెస్సులో అందరూ ఆహా ఓహో అన్నారు. నేను కాలరెగరేశాను.

కొన్నాళ్ళకు మేనేజరమ్మ నిప్పులు కక్కుతూ వచ్చింది.

"నీ పువ్వు మా కొంప ముంచింది. ఇదివరకు వచ్చినంతమంది కూడా రావట్లేదు."

"కవరు బాగాలేదని ఒక్కరి చేత అనిపించండి!"

"అందరూ బాగుందనే అంటున్నారయ్యా. వచ్చేవాళ్ళే లేరు. ఒక్క ఇంటికన్నా వెళ్ళి అడిగావా?"

ఒళ్ళు మండిపోయింది. అడిగే తీరుతానని సరాసరి మా వదిన దగ్గరికి వెళ్ళాను. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఏదైనా మొహం మీదే అనేస్తుంది.

కవరు మాట ఎత్తగానే వదిన మొహం విప్పారింది. అద్దాల బీరువా చూపించింది. మంచి కప్పుల ముందు నిలబెట్టి ఉంది నా కవరు. అంటించింది అంటించినట్టే ఉంది.

"విప్పలేదేం వదినా?"

"చూడగానే నీ చెయ్యని గుర్తుపట్టాన్రా. చింపితే ఆ తీగ తెగిపోదూ? ఎదురింటావిడ కూడా దాచుకుంది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కవరు తీసి పువ్వుకు అడ్డంగా పర్రున చించాను. వదిన "అయ్యో, అయ్యో" అంటూనే ఉంది. లోపల కాగితంలో ఆవిడ పరీక్షకు రావాల్సిన తేదీ ఎప్పుడో దాటిపోయింది.

మర్నాడే వెంటబెట్టుకుని తీసుకెళ్ళాను. "దుక్కలా ఉన్నాను, నాకేం రోగం" అని దారంతా సణిగింది. పరీక్షలో గడ్డ బయటపడింది. చేతికి తెలియనంత చిన్నది. "ఇంకో ఏడాది ఆగి ఉంటే మా చేతుల్లో ఉండేది కాదు" అంది డాక్టరమ్మ.

ఆపరేషను బాగా జరిగింది. ఈలోపు కవరు మార్చాను. పువ్వును ఒక పక్కకు జరిపి, రెండో అంచున చుక్కల గీత వేసి, "ఇక్కడ చింపండి, పువ్వుకేం కాదు" అని అచ్చు వేయించాను. మేనేజరమ్మ కనబడితే చేతులెత్తి దండం పెట్టాను.

"ఆ రోజు మీరు తిట్టకపోయుంటే మా వదిన..."

"తిట్టినందుకు దండం పెట్టేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా" అని నవ్వి, నా భుజం తట్టి వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆవిడ రుణం ఈ జన్మలో తీరదు.

వదిన ఇంటికొచ్చింది. పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ "మా మరిది కవరు వల్లే బతికాను" అని చెబుతోంది. కాదు వదినా, ఆ కవరు నిన్ను చంపేసేదే అని చెప్పబోయి ఊరుకున్నాను. పక్క గదిలోంచి ఆవిడ గొంతు గట్టిగా వినబడుతోంది. ఎన్ని అబద్ధాలైనా చెప్పనీ.