నీళ్ళ వరసలో సలహాదారు

పగటిపూట ఆ వీధిలోకి వెళ్ళినవాళ్ళకు అక్కడ అసలు మనుషులు ఉంటున్నారా అనే అనుమానం వస్తుంది. తలుపులకు తాళాలు, గుమ్మాల పక్కన బోర్లించిన పెద్ద పెద్ద గిన్నెలు, తాళ్ళ మీద ఆరుతున్న మసిగుడ్డలు. అది వంటవాళ్ళ వీధి. ఊళ్ళో ఎవరింట విందు జరిగినా తెల్లవారకముందే ఆడామగా గరిటెలు పట్టుకుని కదలాల్సిందే. నలుగురి కడుపులూ నింపి, పొద్దుగూకాక ఇల్లు చేరి, అప్పుడు తమ బిందె సంగతి చూసుకునే జనం వాళ్ళు.

ఈ ముక్క తెలియని ఒక పెద్దమనిషి ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఆ వీధికి వచ్చాడు. ప్రభుత్వానికి అభివృద్ధి ప్రణాళికలు తయారుచేసి ఇచ్చే సలహాదారు. కుళాయి దగ్గర ఒక్క ప్రాణీ కనిపించలేదు. ఇక్కడ నీటికి పెద్దగా అవసరం లేదని అక్కడికక్కడే తేల్చేసి, ఆ వీధికి వచ్చే గొట్టాన్ని గుట్టమీది ఫ్యాక్టరీల పేటకు మళ్ళించమన్నాడు. అందుకు ఆయన దగ్గర సిద్ధాంతం ఉంది. వెనకబడిన దేశం ముందుకు పోవాలంటే మొదట పైనున్నవాళ్ళు పెరగాలి, వాళ్ళ కలిమి నిండి పొర్లి కిందికి దిగుతుంది, అందాకా కిందివాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. చదువరులారా, ఓపిక పట్టమని చెప్పే పెద్దలు తాము ఓపిక పట్టగా మీరెప్పుడైనా చూశారా? నేనైతే చూడలేదు.

కిందికి ఏ కలిమీ దిగలేదు. ట్యాంకర్ ఒకటి వచ్చేది, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు. వచ్చిందంటే బిందెలూ మనుషులూ ఒకరి మీద ఒకరు పడేవారు. అలాంటి ఒక తోపులాటలో ఒక ఇంటి చిన్నకోడలు కాలుజారి ట్యాంకర్ వెనకచక్రం కింద పడి చనిపోయింది. ఆ ఇంటి పెద్దకోడలే వంట బృందానికి పెద్ద. వీధంతా ఆమెను గరిటెమ్మ అంటారు. తోడికోడళ్ళిద్దరూ ఒకే పొయ్యికి చెరోవైపు నిలబడి, పొద్దస్తమానం పోట్లాడుకుంటూ, ఒకరి కోసం ఒకరు కూర దాచిపెట్టుకుంటూ బతికినవాళ్ళు. చిన్నది పోయినప్పుడు గరిటెమ్మ ఏడవలేదు.

ఆ సలహాదారుకు సన్మానం చేయాలని పెద్దలు తలపెట్టారు. గుట్టమీది పేటలో పెద్ద హాలు. ఉదయం ఉపన్యాసాలు, తర్వాత విందు, విందు ముగిశాక నీటి ప్రణాళిక రెండో దశ మీద శాఖాధిపతి సంతకం. ఆ సంతకం పడితే చెరువులో మిగిలిన నీళ్ళు కూడా పేటకే పోతాయి. వంటవాళ్ళ వీధికి గొట్టం మూడో దశలో, అంటే ఎప్పటికో. విందు వంట మాత్రం గరిటెమ్మ బృందానికే అప్పగించారు. ఎవరి ఇల్లు ఎండగట్టి ఎవరి చేత వండించుకుంటున్నారో ఆ పెద్దలకు తోచనే లేదు.

"వదినా, ఇంతకంటే మంచి అదను మళ్ళీ దొరకదు," అన్నాడు గరిటెమ్మ మరిది, విందు రోజు తెల్లవారుజామున ఉల్లిపాయలు తరుగుతూ. పోయింది అతని భార్యే. "మందుల షాపులో అడిగి తెచ్చాను. ఆ సలహాదారుకి ఒక్క పొట్లం చాలు. చావడులే. వారం రోజులు మంచం దిగడు."

"ఆ పొట్లం పొయ్యిలో పడెయ్."

"నీకు కసి లేదా?"

"నీకున్నదానికి రెండింతలుంది. కానీ మన చేతివంట తిని ఒకడు పడిపోయాడంటే రేపట్నుంచి మన వీధిలో ఎవరి పొయ్యీ వెలగదు. అయినా, కడుపునొప్పితో పడుకున్నవాడికి ఎందుకు పడుకున్నాడో ఎలా తెలుస్తుంది? తెలియాలయ్యా. నాలుక పిడచకట్టుకుపోయి మరీ తెలియాలి. కూరల్లో కారం ఒక పిసరు ముందుండేలా చూడు. హాలుకి నీళ్ళెక్కించే మోటారు ఆపేసి రా. మంచినీళ్ళ డ్రమ్ము పెరట్లో పెట్టు. మిగతాది నేను చూసుకుంటాను."

ఉదయం సలహాదారు మైకులో తన సిద్ధాంతాన్ని మరోసారి కమ్మగా వినిపించాడు. వడ్డించేవాళ్ళు గోడవార నిలబడి ప్రతి మాటా విన్నారు. భోజనాలు మొదలయ్యాయి. వంట అమోఘంగా ఉంది. సలహాదారు వేపుడు మారు వడ్డించుకుని తిన్నాడు. నోరు మండి గ్లాసు అందుకుంటే ఖాళీ. ఆ బల్ల మీది గ్లాసులన్నీ ఖాళీ.

"నీళ్ళేవయ్యా?"

"వస్తున్నాయండీ. పైనుంచి దిగాలి కదండీ," అన్నాడు వడ్డించేవాడు.

"ఇంకా ఎంతసేపు?"

"కాస్త ఓపిక పట్టాలండీ."

కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే సలహాదారు ఎంగిలిచేత్తోనే లేచి పెరట్లోకి నడిచాడు. అక్కడ డ్రమ్ము పక్కన పీట వేసుకుని గరిటెమ్మ కూర్చుని ఉంది. ఆమె ముందు డ్రైవర్లు, ఊడ్చేవాళ్ళు, తోటపనివాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు వరస కట్టి తాపీగా తాగుతున్నారు.

"ముందు నాకివ్వమ్మా, గొంతు మండిపోతోంది."

"వరసలో రండి."

గొంతు మండుతున్నవాడికి హోదా గుర్తుండదు. వెళ్ళి చివర నిలబడ్డాడు. ఆయన వెనక శాఖాధిపతి కూడా పెదవులు తడుపుకుంటూ వచ్చి నిలబడ్డాడు. వరస కదిలింది. సలహాదారు వంతు వచ్చేసరికి గరిటెమ్మ డ్రమ్ము వంచి చూపించింది.

"అయిపోయాయి అయ్యగారూ. ట్యాంకర్ రేపొస్తుంది. రేపు కాకపోతే ఎల్లుండి."

"నువ్వు మనిషివేనా? మనిషికి గుక్కెడు నీళ్ళు లేకుండా చేస్తావా?"

"మా తోడికోడలు మిమ్మల్ని అడగాల్సిన మాట ఇది. ట్యాంకర్ కింద పడి పోయింది కాబట్టి అడగలేకపోయింది. మాది వంటవాళ్ళ వీధి."

ఆయనకు గుర్తొచ్చింది. "ఆ వీధికి నేను స్వయంగా వచ్చాను. కుళాయి దగ్గర ఒక్కరూ లేరు."

"మధ్యాహ్నం వచ్చారు. ఆ వేళకి మేము ఎక్కడో మీలాంటివాళ్ళకి వడ్డిస్తుంటాం. ఆ రోజు కూడా మీరు ఎవరింట్లోనో భోంచేసే వచ్చుంటారు. వండిందెవరో అడిగారా?"

సలహాదారు ఖాళీ డ్రమ్ములోకి తొంగిచూశాడు. వెనకనుంచి శాఖాధిపతి అన్నాడు: "వీళ్ళ గొట్టం ఈ రెండో దశలోనే, అన్నిటికంటే ముందు పెట్టండి. నేను పావుగంట ఆగలేకపోతున్నాను. వీళ్ళని ఇంకెన్నాళ్ళు ఆగమంటారు?"

ఆ మాట విన్నాక గరిటెమ్మ పీట కింద దాచిన చెంబు తీసి శాఖాధిపతికి ఇచ్చింది. సలహాదారు చెయ్యి చాచాడు. ఆమె చెంబు బోర్లించేసింది. ఆయన ఇల్లు చేరేదాకా ఆ మంటతోనే పోయాడు.

గరిటెమ్మ చేసింది తప్పని మీలో కొందరు అనవచ్చు. అనండి. దాహంతో ఉన్నవాడికి నీళ్ళివ్వకపోవడం పాపమే. కాని ఆ పాపాన్ని ఒక పూట చేసినామెను నిలదీసి, ఏళ్ళ తరబడి చేసినవాడికి శాలువా కప్పడం ఏం న్యాయం?

ఆ హాలుకు గరిటెమ్మ బృందాన్ని మళ్ళీ పిలవలేదు. వీధిలో మాత్రం గొట్టం కోసం గొయ్యి తవ్వడం మొదలైంది. పలుగుల చప్పుడు వింటూ మరిది అడిగాడు.

"ఇప్పటికైనా కసి తీరిందా వదినా?"

"తీరలేదు. కుళాయి వస్తుంది, నా తోడికోడలు రాదు," అంది గరిటెమ్మ. "దాహంతో ఉన్నవాళ్ళని వరసలో చివరికి నెట్టి, దానికి దేశాభివృద్ధి అని పేరు పెట్టేవాడెవడైనా సరే, ముందు ఆ చివర తాను నిలబడి రావాలి. నిలబడనంటే మనమే నిలబెట్టాలి."