ఎడమ చెంప మీది ముక్క

నేను ఒక సిలికాన్ ముక్కను. చర్మం రంగు, చిటికెన వేలంత పొడుగు, ఒక పక్కకి కాస్త వంపు. ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు పలకంత ఉండేదాన్ని. అనకాపల్లిలో చర్మం డాక్టరమ్మ వసుంధర గారు నన్ను కత్తెరతో కోసి నూకరత్నం ఎడమ చెంప మీద అంటించారు. ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు.

నూకరత్నం కబడ్డీ ఆడుతుంది. ఎనిమిదో తరగతిలో ఎవరి మోకాలో తగిలి చెంప చీరుకుపోతే, ఊళ్ళో ఆర్‌ఎంపీ గోనెసంచి కుట్టినట్టు కుట్టాడట. ఆ గాటు జెర్రిలా ఉబ్బిపోయింది. ఎక్కడికెళ్ళినా జనం ముందు గాటును చూసి, తర్వాత మనిషిని చూసేవారు. 'గాటు రత్నం' అని పేరు కూడా పెట్టేశారు. పిల్ల విసిగిపోయి లేజరు చేయించుకుంది. ఆ తర్వాత మిగిలిన ఉబ్బును అణచడం నా పని.

"నెలకో కొత్త ముక్క వేసుకో. ఎండలో ఆడకు. చెమట పడితే తీసెయ్" అన్నారు డాక్టరమ్మ. అన్నిటికీ తలూపింది మహాతల్లి. ఒక్కటీ చెయ్యలేదు! రోజూ ఎండలో ఆటే. నేను చెమటకి జారడం, తను బొటనవేలితో నొక్కడం. ఇంటికొచ్చాక తల్లి అప్పలనర్స నన్ను సబ్బుతో కడిగి, "ఇంకా గట్టిగానే ఉన్నాది కదేటి, పారెయ్యడమెందుకు?" అని మళ్ళీ అక్కడే అంటించేది. అలా అయిదు నెలలు ఈడ్చాను. గాటు నిజంగానే ఆనవాలు లేకుండా చదునైపోయింది. నాకు గర్వం కూడా వచ్చింది, దాచడమెందుకు?

అప్పుడొచ్చింది ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగానికి పిలుపు. పదో తరగతి సర్టిఫికెట్‌లో రాసిన గుర్తును ఒంటి మీద సరిచూస్తారట. చెప్పుకోదగ్గ పుట్టుమచ్చ దొరక్క, హెడ్మాస్టరు ఆనాడు 'ఎడమ చెంప మీద గాటు' అని రాసిపెట్టాడు!

తల్లీకూతుళ్ళకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. "నేను నేను కాదంటారేటమ్మా?" అని రత్నం ఏడ్చింది. ఉన్న ఒక్క ఆధారాన్నీ తినేశానని నా మీద నాకే కోపం వచ్చింది. అడిగితే డాక్టరమ్మ ఒక ఉత్తరం రాసిచ్చేవారు. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. కాటుకతో గీసేద్దామంది అప్పలనర్స. "సెమటకి కారిపోద్దమ్మా, దొంగనంటారు" అంది రత్నం.

ఆ కంగారులో నన్ను తియ్యడం మరిచే ఆఫీసుకి వెళ్ళింది.

"గాటు ఏదమ్మా?" అన్నాడు కళ్ళజోడు ఆఫీసరు. "అదేంటి, ప్లాస్టరా? తియ్యి."

రత్నం అంచు పట్టుకుని నన్ను ఒలిచింది. ఆయన వంగి చూశాడు. అయిదు నెలల ఎండకి చెంపంతా నల్లబడింది. నేనున్న మేర మాత్రం తెల్లగా, చిటికెన వేలంత పొడుగున, కాస్త వంపుగా ఉంది.

"ఆఁ, ఉందిగా!" అని టిక్కు పెట్టేశాడు.

రత్నం నన్నేం చెయ్యాలో తెలియక సర్టిఫికెట్ నకలు వెనక అతికించి ఇచ్చేసింది. ఆయన దాన్ని ఫైల్లో గుచ్చి బీరువాలో పడేశాడు.

అప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను. రత్నానికి ఉద్యోగం వచ్చింది, ఆర్డరు కాగితం నా పక్కనే ఉంది. నాకు మాత్రం నిద్ర లేదు. ఆ తెల్లటి మచ్చ ఈపాటికి ఎండకి నల్లబడి చెంపలో కలిసిపోయి ఉంటుంది. రేపెవరైనా మళ్ళీ గుర్తు చూపించమంటే పిల్ల ఏం చూపిస్తుంది? బీరువా తలుపు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడుతున్నాను. భయపడకు రత్నం, ఈ ఫైలు తియ్యమను. నీ గాటు కొలత నా దగ్గరుంది.