తలకు వేసిన రంగు
దెబ్బ తగిలి కమిలిన నలుపు అంది కదా వదిన, ఎంత తేలిగ్గా అనేసింది, ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా, ఆసుపత్రిలో యంత్రం పట్టుకున్న అమ్మాయి అడిగింది నన్ను, మేడమ్, సార్ తలకి రంగేమైనా వేస్తారా, ఇక్కడ చర్మం నల్లగా ఉంది అని, నేను నోరు తెరిచేలోపే వదిన అందుకుంది, మా వంశంలో ఎవరికీ జుట్టు నెరవదమ్మా, మా తమ్ముడికి యాభై దాటినా ఒక్క తెల్ల వెంట్రుక లేదు, కిందపడ్డాడుగా, కమిలింది అని, తెరిచిన నోరు నేను మూసేసుకున్నాను, ఆయన ఒంటిమీద తెలివి లేకుండా పడి ఉన్నారు, మెదడులో గడ్డకట్టిన రక్తం నిన్ననే తీశారు, గొరిగిన నెత్తికి ఆ అమ్మాయి బిళ్ళలాంటిది ఆనించింది, అందులోంచి వెలుతురు లోపలికి పోతుందట, అది తగిలి రక్తం సన్నగా చప్పుడు చేస్తుందట, ఆ చప్పుణ్ణి బట్టి మెదడుకి ఆక్సిజన్ ఎంత అందుతోందో తెలుస్తుందట, కోతా లేదు సూదీ లేదు, ఇన్నేళ్ళ కాపురంలో ఈయన లోపలేముందో వినడానికి నా రెండు చెవులూ చాలలేదు మరి.

ఆక్సిజన్ అంకె పడిపోతోంది అంటున్నారు డాక్టరు, ఇలాగే ఉంటే మళ్ళీ తల తెరవాలమ్మా, రెండోసారి తట్టుకుంటారో లేదో చెప్పలేను అంటున్నారు, రంగు ఉంటే వెలుతుర్ని అదే తాగేసి లెక్క తప్పిస్తుంది, అందుకే అడిగాను అంటోంది ఆ అమ్మాయి, మొన్న వంటింటి తలుపు గడియపెట్టి పాత బ్రష్షుతో రాసింది నేనే, చర్మానికి అంటితే తిట్టేవారు, అంటింది, తిట్టారు, ఈ సంగతి మూడో మనిషికి తెలిస్తే నీ మొహం చూడను అన్నారు ఎప్పుడో, ఇప్పుడు మాత్రం చూస్తున్నారా, కళ్ళు మూసుకుని కూడా నా నోరు నొక్కగలరు ఈ మనిషి, కత్తులు సర్దమని ఎవరికో చెబుతున్నారు డాక్టరు, రంగేనండీ, మొన్న నేనే వేశాను అన్నాను, నా గొంతు నాకే కొత్తగా ఉంది.

వదిన మొహం గంటు పెట్టుకుంది, నలుగురిలో వాడి పరువు తీశావు అంది, ఆ అమ్మాయి బిళ్ళని రంగు అంటని చోటికి జరిపింది, అంకె లేచింది, నిలబడింది, డాక్టరు మళ్ళీ మళ్ళీ చూసి తల తెరవక్కర్లేదన్నారు, నాకు కన్నీళ్ళాగలేదు, సంతోషం పట్టలేకపోతోంది పాపం అంది నర్సు, సంతోషమే, కాదని ఎవరన్నారు, కానీ ఈయన లేస్తారు, తల తడుముకుంటారు, ఎవరు చెప్పారు అని అడుగుతారు, అనుకోగానే గోడకి ఆనుకున్నాను, ఈయన బతకరేమో అన్నప్పుడు కూడా నాకింత భయం వేయలేదు.